తెర ఆరినా ఆగని తలుపు చప్పుడు

అవనిగడ్డలో మా పెద్దమ్మ పోయిందని మొన్న బందరుకు కబురొచ్చింది. పాడె మోసినవాళ్ళలో బంధువులకన్నా సముద్రపు పల్లెలవాళ్ళే ఎక్కువని కబురు తెచ్చినతను చెప్పాడు.

ధాన్యం గోడౌనును మార్చి కట్టిన అక్కడి సినిమా హాల్లో, ఆడవాళ్ళ గేటు దగ్గర పెద్దమ్మ చాలా ఏళ్ళు టిక్కెట్లు చింపింది. కడుపుతో ఉన్నవాళ్ళను గాలి తగిలేచోట కూర్చోబెట్టేది. "భయమేస్తే నా దగ్గరికి రండమ్మా, సిగ్గుపడకండి" అనేది.

ఒక ఏడు వానాకాలంలో అక్కడికి పాతకాలపు దెయ్యాల సినిమా వచ్చింది. ఉప్పెన వేళ శరణు కోరి వచ్చినవాళ్ళకు కోట తలుపు తీయని దొర కథ. చచ్చినవాళ్ళు గాలి వీచినప్పుడల్లా వచ్చి ఆ తలుపు తడుతుంటారు. చివరికి దొర తలుపు తీసి, వాళ్ళ వెంట నీళ్ళలోకి నడిచిపోతాడు. నేను సెలవు మీద వెళ్ళి ఉన్నాను. తెర మీద ఆ తలుపు చప్పుడు మొదలవగానే పెద్దమ్మ బయటికి వెళ్ళిపోతుంటే ఎందుకని అడిగాను.

"నేను కొత్త కోడలిగా ఉన్నప్పుడు గాలివానలో మా తలుపూ తట్టారురా. గాలేలే, పడుకోమన్నారు మావగారు. అది మనిషి చెయ్యేనని నాకు తెలుసు. అయినా లేవలేదు. తెల్లారి చూస్తే గడప ముందు తల్లీ బిడ్డా." మళ్ళీ తనే అంది: "ఆ దొర చివర్లో తీస్తాడుగా. తీస్తే పాపం పోయినట్టేనంటావా?"



మర్నాడు మ్యాట్నీకి మళ్ళీ వెళ్ళాను. పొద్దుటి నుంచీ ముసురు, గాలి. తెర మీద తలుపు చప్పుడు మొదలైన కాసేపటికి కరెంటు ఇంజను ఆగింది. తెర ఆరిపోయింది. చప్పుడు ఆగలేదు. అది ఆడవాళ్ళ వైపు రేకు తలుపు మీద వినిపిస్తోంది. హాలంతా కేకలు. కొందరు మగవాళ్ళు పరుగున వెళ్ళి తలుపుకు అడ్డం నిలబడ్డారు.

"తియ్యొద్దు పిన్నీ! నీకు దణ్ణం పెడతా!" దగ్గరికొచ్చిన పెద్దమ్మను వాళ్ళలో ఒకడు బతిమాలాడు.

"తప్పుకో నాయనా. దెయ్యాలైతే టిక్కెట్టు అడుగుతాలే," అంది పెద్దమ్మ. గడియ తీసింది.

బయట మోకాలి లోతు నీళ్ళలో సముద్రపు పల్లెల జనం. పిల్లలు భుజాల మీద ఉన్నారు. ముందున్నతను, "కట్ట తెగిందమ్మా, వెనక ఇంకా వస్తున్నారు," అన్నాడు.

వాళ్ళను లోపలికి తీసుకున్నాక గాలికి తలుపు మూయక తప్పలేదు.

"మాట్లాడకండి. ఎవరన్నా తడితే వినపడాలి," అని పెద్దమ్మ రేకుకు చెవి ఆనించింది. ఏది గాలో, ఏది మనిషి చెయ్యో ఎవరమూ చెప్పలేకపోయాం. ఆమె ప్రతి చప్పుడుకూ గడియ తీసింది. కొన్నిసార్లు మనుషులున్నారు. కొన్నిసార్లు ఎవరూ లేరు. బురదనీళ్ళు మాత్రం మెట్ల మీదికి ఇంకాస్త ఎక్కి కనిపించాయి.