మొదటి మూడూ వదిలెయ్

మేము ఆ చోటికి చేరింది మే నెల మొదటి వారంలో, మధ్యాహ్నం రెండు గంటలకు. రాజస్థాన్ పడమటి అంచు. నలభై ఆరు డిగ్రీల ఎండ. లారీ దిగి గన్ మీద చెయ్యి పెడితే అరచెయ్యి చుర్రుమంది. చుట్టూ ఇసుక, జిల్లేడు, తుమ్మకంప. ఉత్తరాన ఒక కాల్వ. మా వెనక ఎనిమిది వందల మీటర్లలో ఇంధన డిపో. సైన్యానికీ, చుట్టుపక్కల ఊళ్లకూ డీజిల్ అక్కడి నుంచే పోతుంది. మా ఆర్డరు ఒక్క వాక్యం. ఆకాశం నుంచి ఏదీ డిపో మీద పడకూడదు.

"బార్డర్లో ఏం చేసినావప్పా?" అని జమ్మలమడుగు బస్టాండులో ఇప్పటికీ అడుగుతుంటారు. టీ చల్లారేలోపల అయిపోయే సంగతి కాదు. అందుకే రాస్తున్నాను.

మాది నలభై మిల్లీమీటర్ల గన్. వయసులో నాకంటే పెద్దది. దానికి కొత్త మోటారు, కొత్త కెమెరా పెట్టారు. నేను హవల్దార్‌ని, ఆ గన్‌కు కమాండర్ని. నా కింద ఐదుగురు. గురి పట్టేవాడు గఢ్వాల్ కొండల మనిషి. గుండ్లు అందించేవాడిది ఒడిశా. మాకు రెండు కిలోమీటర్ల అవతల ఇసుక దిబ్బ మీద రాడార్. దాని ముందు కూర్చుని, ఏది ఎటు నుంచి వస్తోందో రేడియోలో మాకు నంబర్లు చెప్పే హవల్దార్‌ది మా కడప జిల్లాయే.

పరాయి చోట సొంత జిల్లా మనిషి దొరికితే ఎవరికైనా ప్రాణం లేచి వస్తుంది. మేమిద్దరం మాత్రం ఏడాదిగా ఒకే బ్యాటరీలో, అంటే ఒకే గన్‌ల దళంలో, ఉండి కూడా డ్యూటీ మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

కారణం ఊరిది. మాది పెద్దముడియం దగ్గర పల్లె. ముత్తాత కాలం నుంచీ మిషన్ చర్చి కుటుంబం. మా నాయన బడిపంతులు. ఫ్యాక్షన్ ముదిరిన రోజుల్లో కూడా ఆయన ఏ వర్గంలోనూ లేడు. ఒక ఎన్నికల రోజు పోలింగ్ డ్యూటీకి పోవడానికి బస్సు లేక, ప్రొద్దుటూరు దారిలో ఒక నాయకుడి జీపు ఎక్కాడు. మలుపు దగ్గర నాటుబాంబులు పడ్డాయి. ఇద్దరు చనిపోయారు. నాయన ఎడమ చెయ్యి మణికట్టు దాకా పోయింది. బాంబులు వేయించింది అవతలి పార్టీ నాయకుడు. అతను ఈ రాడార్ హవల్దార్‌కు సొంత పెదనాయన. తర్వాత వాళ్ల కుటుంబం పల్లె వదిలి పులివెందుల వైపు తోట కొనుక్కుని వెళ్లిపోయింది.

అతను తప్పు చేశాడని నేననను. అప్పుడతను చిన్నపిల్లవాడు. కానీ ఆ ఇంటిపేరు వింటే నా నోరు మూసుకుపోయేది.

ఐదో రోజు సాయంత్రం ఆరూ నలభైకి డ్రోన్లు వచ్చాయి. నాలుగు. అరవై రెండు గుండ్లు కాల్చాం. రెండు డ్రోన్లు పడ్డాయి. వెళ్లి చూస్తే థర్మాకోల్ రెక్కలు, చిన్న ఇంజను. లోపల పేలుడు మందు లేదు. మావాళ్లు ఈలలు వేశారు. మేజర్ సాబ్, అంటే మా బ్యాటరీ కమాండర్, నవ్వలేదు. ముక్కలన్నీ ఏరించి, పెట్టెలో సర్దించి, పైకి పంపించాడు.

తొమ్మిది రోజుల తర్వాత ఆయన నాలుగు కాగితాలు పట్టుకుని మా గన్ దగ్గరికి వచ్చాడు. అవి ఒక మిత్రదేశం నుంచి వచ్చినవి. ఏ దేశమో రాయను. ఇలాంటి డ్రోన్లు వాళ్ల ఊళ్ల మీద ఏళ్ల తరబడి పడ్డాయి. పడ్డవాటిని వాళ్లు విప్పి చూశారు. ఎలా వస్తాయో, ఎక్కడ తిరుగుతాయో పటాలు గీశారు. మా ముక్కల ఫొటోలు వాళ్లకు చేరాయి. వాళ్ల పటాలు మాకు చేరాయి. ఒక కాగితం మీద రెండు ఇంజన్ల బొమ్మలు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి వాళ్ల పొలంలో పడింది, ఇంకొకటి మా ఇసుకలో. అన్నదమ్ముల్లా ఉన్నాయి.

మేజర్ సాబ్ హిందీలో వివరించాడు. "ఖాళీవి మీ చేత కాల్పించడానికే వస్తాయి. గన్‌లు ఎక్కడున్నాయో పైనుంచి చూసుకుంటాయి. మీరు గుండ్లు మార్చుకునేటప్పుడు అసలుది వస్తుంది. బాగా కిందగా, నీళ్ల దారి పట్టుకుని."

"రాడార్‌కు కనపడుతుందా సాబ్?" అన్నాను.

"చివరి నాలుగు కిలోమీటర్లలో. అదీ, చూసేవాడికి ఏం చూడాలో తెలిస్తే."

ఆ సాయంత్రమే రాడార్ హవల్దార్ రెండు కిలోమీటర్లు నడిచి మా బంకరుకు వచ్చాడు. చేతిలో అవే కాగితాలు. బూట్ల నిండా ఇసుక.

"కూచోమంటే కూచుంటా. లేదంటే నిలబడే చెప్తా," అన్నాడు.

"రేడియోలో చెప్పచ్చు గదా," అన్నాను.

"రేడియోలో నువ్వు నా నంబర్లు వింటాండావు. నన్ను నమ్మడం లే. ఆరోజు నేను ఎడమ అంటే నువ్వు ఒకసారి కెమెరాలో సూసుకుని తిప్పినావు. ఈసారి సూసుకునేంత టైముండదప్పా."

నేను ఇసుక సంచి వైపు చెయ్యి చూపించాను. అతను గోడ పక్కన ఇసుక సంచి మీద కూర్చున్నాడు. చాలాసేపు కాగితాలు మడుస్తూ, విప్పుతూ ఉన్నాడు.

"ఇంగొకటుంది," అన్నాడు. "మీ నాయన ఎక్కిన జీపు. ఆడ బాంబులేస్తారని ముందురోజే మా ఇంట్లో మాట్లాడుకున్న్యారు. నాకు పదేండ్లు. మంచం కింద ఆడుకుంటా విన్నా. మీ నాయన నాకు రెండో తరగతిలో పాఠం చెప్పినాడు. ఆ జీపులో ఆయన ఉంటాడని నాకు తెలీదు. అయినా, ఎవరో ఒకరు ఉంటారని తెలుసు గదా. ఎవరికీ చెప్పలే. చెప్తే మా పెదనాయన సంపుతాడని భయం."

ఆ మాట ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదన్నాడు. నాకు కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. పదేళ్ల పిల్లవాడు మంచం కింద బిగుసుకుని కూర్చోవడం కళ్లకు కట్టింది.

"టీ తాగుతావా?" అన్నాను. అప్పటికి నా నోట వచ్చింది అదే.

ఆ తర్వాత నాలుగో రోజు తెల్లవారి ఐదూ నలభై రెండు. వెలుగు వచ్చింది, సూర్యుడు ఇంకా రాలేదు. పడమర నుంచి మూడు డ్రోన్లు, బాగా ఎత్తులో. కాల్చడానికి అనుమతి ముందే ఉంది. ఎప్పుడన్నది నా ఇష్టం. గఢ్వాలీ గురి పట్టేశాడు.

"ఉస్తాద్, కొట్టేయనా?"

నేను చెయ్యి ఎత్తాను. సరిగ్గా అప్పుడు రేడియోలో హిందీ నంబర్లు ఆగిపోయి తెలుగు వినపడింది.

"అప్పా, మొదటి మూడూ వదిలెయ్. కాల్వ మీద ఒకటి వస్తాంది. శానా కిందగా."

"నాకేం కనపడడం లే."

"నాకు కనపడతాంది. గన్ను కాల్వకు తిప్పు. బిన్నా! టైము లే!"

అతను పొరబడితే ఆ మూడూ డిపో మీదికి పోతాయి. వాటిలో మందుంటే మా వెనక ఏమీ మిగలదు. ఒడిశా అతను గుండ్లు పట్టుకుని నా ముఖమే చూస్తున్నాడు. నేను కెమెరా చూసుకోలేదు. "ఉత్తరానికి తిప్పు" అన్నాను. గన్ తిరిగింది. మూడు డ్రోన్లూ మా నెత్తి మీద మోపెడ్‌లా చప్పుడు చేసుకుంటూ పోతున్నాయి. నా మెడ వెనక చెమట కారడం తెలుస్తోంది.

కాల్వ గట్టు మీద తుమ్మచెట్ల సందులోంచి నల్లగా ఒకటి లేచింది.

"కొట్టు!"

తొమ్మిది గుండ్లు. ఎన్నోది తగిలిందో తెలియదు. గట్టు మీద మంట లేచింది. పేలుడు గుండెల్లో గుద్దినట్టు తగిలింది. ఇసుక మా హెల్మెట్ల మీద వానలా రాలింది. అది ఖాళీది కాదు. పైన పోయిన మూడూ డిపో దాటి, అవతల ఇసుకలో వాటంతట అవే కూలాయి. మూడూ ఖాళీవే.

ఫోన్లో మేజర్ సాబ్. "డిపో?"

"క్షేమం సాబ్."

"మనుషులు?"

"అందరం ఉన్నాం సాబ్."

"అయితే టీ పెట్టుకోండి," అన్నాడు.

ఒడిశా అతను కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. అందరం నవ్వాం. ఎందుకో తెలియదు. రేడియో తీసి "మామా, బాగుండావా?" అన్నాను. నేను అతన్ని మామా అనడం అదే మొదలు. "బాగుండా," అన్నాడు.

ఆ వారంలోనే మేమూ ఒక రిపోర్టు రాశాం. డ్రోన్ ఎంత ఎత్తులో వచ్చింది, ఎక్కడ లేచింది, ఎంత వేగం. అది ఆ మిత్రదేశానికి వెళ్లింది. అక్కడ గన్ దగ్గర నాలాంటివాడు ఎవడో దాన్ని చదివి ఉంటాడు. అతని పేరు నాకు తెలియదు. నా పేరు అతనికి తెలియదు.

మరుసటి ఏడు రిటైరయ్యాను. రాడార్ హవల్దార్ సెలవు పెట్టి నాతోపాటు రైలెక్కాడు. ఎర్రగుంట్లలో దిగాం. తోట నుంచి వాళ్ల తమ్ముడు సంచి నిండా చీనీకాయలు, అవే బత్తాయిలు, తెచ్చి ఇచ్చాడు. ఇద్దరం మా ఇంటికి వెళ్లాం. అతను మా నాయన ముందు నిలబడి, మంచం కింద విన్న సంగతి మొత్తం చెప్పాడు. నాయన ఆఖరు దాకా విన్నాడు.

"పదేండ్లోనివి నువ్వేం చేస్తావురా," అన్నాడు. "కూచో. అన్నం తిందువుగాని."

భోజనమయ్యాక అతను చీనీకాయలు ఒలిచి, తొనలు నాయన కుడి అరచేతిలో పెడుతూ కూర్చున్నాడు. నాయన తింటూ, రెండో తరగతిలో ఇతనికి ఎక్కాలు రాక గోడకుర్చీ వేయించిన రోజు సంగతి చెప్పి నవ్వాడు.

నేను కళ్లు మూసుకుంటే మంట గుర్తు రాదు, పేలుడు గుర్తు రాదు. గుర్తొచ్చేది వేరే. ఆ ఉదయం, ఇసుక ఇంకా రాలుతుండగా, బైనాక్యులర్ డిపో వైపు తిప్పాను. గేటు దగ్గర నిండు ట్యాంకరు ఒకటి ఆగి ఉంది. దాని కిందనుంచి డ్రైవరు పాకుతూ బయటికి వచ్చాడు. అంతసేపూ అక్కడే నిద్రపోయినట్టున్నాడు. లుంగీ బిగించుకున్నాడు. ఒళ్లు విరుచుకున్నాడు. కాల్వ వైపు పొగను ఒకసారి చూసి, నోట్లో వేపపుల్ల పెట్టుకుని, నింపాదిగా పళ్లు తోముకోవడం మొదలుపెట్టాడు.