నక్షత్రం స్థానంలో త్రిభుజం

మా ఆయన దాచేపల్లి దగ్గర సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేస్తూ గుండెపోటుతో పోయారు. ఆయన బదులు నాకు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం ఇస్తామన్నారు గానీ, ముందు రాత పరీక్ష గట్టెక్కాలన్నారు. ఒక్కసారే అవకాశం. తప్పితే ఇక అడగడానికేమీ ఉండదు. ఎప్పుడో బి.కాం. చదివిన మనిషికి ఇప్పుడు రీజనింగ్ పేపరు పెట్టడం ఏం న్యాయమని ఆఫీసులో వాదించాను. ఏడుస్తాననుకున్నాడు కాబోలు, ఆ ఆఫీసరు మంచినీళ్ల గ్లాసు నా వైపు జరిపాడు. నాకు ఏడుపు రాలేదు. కర్మ రోజున కూడా రాలేదు.

నరసరావుపేటలో బ్యాంకు పరీక్షల కోచింగ్‌కు వెళ్లే మా ఆడబిడ్డ నాకు పంతులమ్మ అయింది. తన కోచింగ్ పుస్తకంలో ఒక రకం లెక్కలు: పై వరసలో ఇంగ్లీషు అక్షరాలు, ఒక్కోదాని కింద ఒక్కో గుర్తు. A కింద నక్షత్రం, E కింద త్రిభుజం. ఇచ్చిన అక్షరాల గుంపుకు గుర్తులు రాయాలి. అంతవరకూ చకచకా రాసేదాన్ని. ఆ కింద ఒక షరతు: గుంపులో మొదటిదీ చివరిదీ అచ్చులైతే ఆ రెండింటి గుర్తులూ తారుమారు చేయాలి. అక్కడ చెయ్యి మొండికేసేది.

"ఏంది వదినా, మళ్లీ Aకి నక్షత్రమే పెట్టావు?"

"దాని గుర్తు అదేగా. ఇచ్చినోళ్లే మళ్లీ లాక్కోవడమేంది?"

"చివర E ఉంది చూడు. త్రిభుజం రావాల."

"మా పుట్టింట్లో మిరపకాయల బస్తాల మీద మా గుర్తు నక్షత్రం వేసింది నేనేనే. కోల్డ్ స్టోరేజీలో ఎవరి బస్తాల పక్కన పడేసినా ఆ గుర్తు మారిద్దా?"

"ఇది మిరపకాయల పరీక్ష కాదు తల్లీ!"

నిజానికి నా తప్పంతా అదే. ఏళ్ల తరబడి రంగు డబ్బా పట్టుకుని వేసిన చెయ్యి, గుర్తంటే యజమానిదేనని నమ్మింది. ఆడబిడ్డ ఎంత తిట్టినా నాకు కోపం రాలేదు. లెక్కలు చేస్తున్నంతసేపూ పరామర్శకు వచ్చినవాళ్లు నన్ను పలకరించేవాళ్లు కాదు. అది చాలనిపించేది.

పరీక్ష హాల్లో కూడా చెయ్యి అలవాటుగా నక్షత్రమే వేసింది. షరతు చదివాను. కొట్టేసి త్రిభుజం పెట్టాను. నాలో ఎవరూ వాదించలేదు.

పాసయ్యానని ఫలితం ఫోన్‌కు వచ్చింది. ఆడబిడ్డ కేక పెట్టింది. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను చేరాల్సింది ఎప్పుడో చూడమన్నాను. వచ్చే నెలట.

మంచం మీది పుస్తకాన్ని ఆడబిడ్డ తీయబోయింది.

"ఉంచవే."

"ఇంకెందుకు వదినా? ఉద్యోగం వచ్చిందిగా."

"వచ్చే నెల దాకా నన్నేం చెయ్యమంటావు?"

అది పెన్సిలు చెక్కి నా చేతికిచ్చింది.