అభ్యంతరాలు లేవు

మర్డీనా మెకాస్కిల్ నోట్లో నాలుక లేని మనిషని బయటివాళ్ళు అంటే నాకు ఒళ్ళు మండుతుంది. కుక్క మీద ఆమె వేసే కేకలు వాగు అవతలికి వినిపించేవి! డెబ్బై రెండేళ్ళొచ్చినా రోజూ కొండెక్కి గొర్రెల్ని చూసొచ్చేది. స్కాట్లాండ్ ఉత్తరాన మా ఊరి ఉమ్మడి కొండ మీద ఒకప్పుడు పన్నెండు ఇళ్ళవాళ్ళం మేపేవాళ్ళం, చివరికి ఆమె ఒక్కతే మిగిలింది. ఆ కొండకి కంచె లేదు. తల్లి మేసిన చోటే పిల్ల మేస్తుంది, దాని పిల్లా అక్కడే. తాతల నాటి నుంచి అలా మందకి హద్దులు తెలుసు. ఆ మంద పోతే కొత్త గొర్రెలకి నేర్పే తల్లులుండవు. మొగుడు సముద్రంలో పోయాడు, పిల్లల్లేరు. ఆమెకున్నదల్లా ఆ మందే.

పాత అడవిని మళ్ళీ పెంచుతామని ఒక సంస్థ వచ్చింది. మా కొండ మీద పైన్ చెట్లుండేవన్నది నిజమే, తవ్వితే మోళ్ళు ఇప్పటికీ దొరుకుతాయి. గొర్రెల్ని దింపేసి కొండంతా కంచె వేస్తారట. ప్రజాభిప్రాయం అడిగితే పట్నాల నుంచి వేలమంది సరేనన్నారు. మా కొండ మొహం ఒక్కసారైనా చూశారా వాళ్ళు?

"చెట్లంటే నాకేం పగ, టార్కిల్?" అంది మర్డీనా, మా వంటింట్లో టీ తాగుతూ. "వాగు పక్కన కంచె వెయ్యమను, మొక్కలు నేనే నాటుతా. కొండంతా ఎందుకు?"

"మీటింగులో ఆ మాటే చెప్పు."

ఆమె నావైపు అదోలా చూసి, వాన గురించి మాట్లాడింది.

మా దగ్గర అడిగినవాళ్ళ మొహం మీద ఎవరూ కాదనరు. ఒకసారి నేను ఆమె పొట్టేలుని నాలుగు రోజులకి ఇమ్మని అడిగితే, ఉలుకూ పలుకూ లేకుండా టీ పోసింది. నేను తాగి ఇంటికొచ్చేశాను. అంతే, ఇంక అడగలేదు.

మీటింగు బడి గదిలో జరిగింది. సంస్థ నుంచి వచ్చిన ఇమోజెన్ అనే అమ్మాయి స్వయంగా కేకు చేసుకొచ్చింది. మంచి పిల్ల. అంతా చెప్పి, "ఎవరికైనా అభ్యంతరముందా?" అని అడిగింది.

ఎవరూ పలకలేదు. మర్డీనా చేతులు చూసుకుంటూ కూర్చుంది. రెండు నిమిషాలు గడిచాయి. మేత కమిటీ గుమాస్తాని నేనే. కాగితం మీద 'అభ్యంతరాలు లేవు' అని రాసి సంతకం పెట్టాను.

అక్టోబరులో మందని సంతకి తోలారు. లారీ వెనక తలుపు మర్డీనాయే వేసింది. ఆ తర్వాత ఆమె కొండెక్కడం మానేసింది. కుక్క కూడా గుమ్మం దగ్గరే పడుకునేది.

మూడో ఏడు ఇమోజెన్ మళ్ళీ వచ్చి, నన్ను వెంటబెట్టుకుని మర్డీనా ఇంటికెళ్ళింది. గడ్డి విపరీతంగా పెరిగి మొక్కల్ని కప్పేస్తోందట.

"చలికాలంలో కొన్ని గొర్రెలు మేస్తే బాగుంటుంది, మర్డీనా గారూ. మీ మందలాంటివే కావాలి."

"అవి లేవమ్మా."

"కొందాం. ఖర్చంతా మాదే."

"కొన్నవాటికి ఈ కొండ తెలీదు. మొదటి మంచుకే బురదలో దిగబడి చస్తాయి. తెలిసినవి పోయాయి."

ఆ పిల్ల మొహం పాలిపోయింది. "అయ్యో! ఆ రోజే వద్దని చెప్పాల్సింది కదండీ?"

"చెప్పానమ్మా. గదంతా చెప్పింది. రెండు నిమిషాలు ఒక్కరైనా నోరు విప్పారా? నువ్వు బయటినుంచొచ్చినదానివి, నీకు తెలీదు." కప్పు కింద పెట్టి నావైపు తిరిగింది. "వీడికి తెలుసు."

ఇమోజెన్ నన్నే చూస్తోంది. చెట్లొద్దనే మొండి ఊరని ఈ పిల్ల అనుకుంటుందేమోనన్న సిగ్గుతో, ఆ రోజు మీటింగులో మౌనానికి అర్థం తెలిసే ఆ ముక్క రాశాను. "తప్పయిపోయింది, మర్డీనా," అన్నాను. మర్డీనా లేచి, నా కప్పులో ఇంకాస్త టీ పోసింది.