అత్తమ్మ పలచన చేసిన గాజుగుత్తి

మొన్న ఇంటికి రంగులు వేయడానికి వచ్చినతను, గుమ్మానికి వేలాడుతున్న చిన్న గాజు ద్రాక్షగుత్తిని చూసి "మేడం, ఇది తీసేయాల్నా?" అని అడిగాడు. వద్దని, నేనే స్టూలెక్కి దానికి పాత చీర ముక్క చుట్టాను. ఆ చీరా మా అత్తమ్మదే.

అప్పట్లో కిషన్‌బాగ్‌లో మా పక్కింటి చాచా పగిలిన గాజుముక్కలను బర్నర్ మంట మీద కరిగించి పూలూ పిట్టలూ చేసేవారు. కూతురి నిఖా కుదరగానే ద్రాక్షగుత్తి దీపం ఒకటి మొదలుపెట్టారు. ద్రాక్షకాయల్లాంటి లేత ఆకుపచ్చ గాజు గింజలు, ఒక్కో గింజకూ సన్నని రాగితీగ, నడుమ బల్బు. బిడ్డ వెంట అత్తవారింటికి తన చేతిపని ఒకటి వెళ్లాలని ఆయన పట్టుదల. మిక్సీ కొనిస్తే సరిపోయేదని చాచీ గొణుగుడు. పెళ్లి ముందురోజు వాళ్లింటి నిండా చుట్టాలు, పిల్లల లొల్లి. ఎవరైనా పగలగొడతారని భయపడి, చాచా ఆ దీపాన్ని మా ఇంట్లో పెట్టి వెళ్లారు.

అక్కడే వచ్చింది చిక్కు. అత్తమ్మ పుట్టి పెరిగింది ద్రాక్షతోటలో. నగరం పెరిగి తోటలన్నీ ప్లాట్లు కాకముందు వాళ్ల నాయన ఒక తోటకు మాలి. కాయలు బఠానీలంత ఉన్నప్పుడే కత్తెరతో కొన్ని తీసేసి గుత్తిని పలచన చేయడం ఆడవాళ్ల పని. బజారులో కొన్న ద్రాక్షనైనా ఆమె తిప్పి తిప్పి చూసి, పెదవి విరిచాకే తినేది. ఆ సాయంత్రం నేను వంటింట్లోంచి వచ్చేసరికి కుట్టుకత్తెర పట్టుకుని దీపం ముందు కూర్చుంది. ఒళ్లో గుప్పెడు గాజు గింజలు.

"గిదేంది అత్తమ్మా?"

"గిట్ల కిక్కిరిస్తే లోపలియి కుళ్లిపోవా?" అంది. అన్నాక గాని అవి గాజువని ఆమెకు తట్టలేదు. కత్తెర కిందపెట్టి కొంగుతో ముఖం కప్పుకుంది. తెల్లారితే పెళ్లి. ఆమె మీద కోపం తెచ్చుకోవడం నాకెప్పుడూ చేతకాలేదు, ఆరోజు కూడా.

కబురు పంపితే చాచా వచ్చారు. "బిడ్డ దీపం ఖరాబు చేసిన భాయ్" అని అత్తమ్మ కొంగులోంచే చెప్పింది. ఆయన గుత్తిని అటూ ఇటూ తిప్పి చూశారు. చివరికి ప్లగ్గు పెట్టి స్విచ్ వేశారు. వెలుగు గింజల సందుల్లోంచి బయటికొచ్చి, మా సున్నం గోడ మీద ద్రాక్షపందిరి నీడలు పరిచింది.

"ముద్దలెక్క అయిందని నాకు గూడ మస్తు ఫికర్ ఉండె అక్కా. నేను గాజునే చూసిన. నువ్వు తోటను చూసినవ్" అన్నారు చాచా. అత్తమ్మ కొంగు తీసి గోడను చూసింది. అన్నం తినేదాకా అలా చూస్తూనే ఉంది.

దీపం పెళ్లికూతురితో వెళ్లింది. ఒళ్లో పడ్డ గింజలతో చాచా ఈ చిన్న గుత్తి కట్టి అత్తమ్మకిచ్చారు, ఈసారి ఒకదానికొకటి తగలకుండా. తోటలో తీసేసిన కాయలను ఎవరూ ఏరేవాళ్లు కాదట, అలాగే మట్టిలో కలిసిపోయేవట. ఇప్పుడు తోట లేదు, అత్తమ్మ లేదు, చాచా మంటా ఆరిపోయింది. అన్నీ పట్టుకుపోయిన కాలం, ఆమె పనికిరావని తీసేసిన గింజలను మాత్రం నా గుమ్మానికి వదిలి వెళ్లింది.