జాకీ ఎక్కాల్సిన ఇల్లు

తొంభైల మొదట్లో ఒక డచ్చి దంపతులకు దుబాసీగా, ఇల్లులాంటి వాళ్ళ బండిలో కొన్నాళ్ళు తిరిగాను. మంచం, పొయ్యి, కర్టెన్లు అన్నీ అందులోనే. నాగపూర్‌లో కొత్త టైర్లు వేయించిన దగ్గర్నుంచి స్టీరింగ్ ఒకటే వణుకు. చంద్రపూర్ పక్కన దుర్గాపూర్‌లో ఒక టైర్ల షాపు ముందు ఆపేశాం.

షాపు యజమాని రాజన్న తెలుగువాడే. "చక్రాల బ్యాలెన్సింగ్ తప్పింది సార్. సీసం ముక్కలు కొడితే సెట్టయితది. జాకీ పెట్టాలె, లోపలోళ్ళను దిగుమనుండ్రి" అన్నాడు.

లోపల ఉన్నది దొరసాని ఒక్కతే కాదు. రాజన్న భార్య, ఇంకో ఇద్దరు ఆడవాళ్ళు చెప్పులు కింద విడిచి ఎప్పుడో ఎక్కేశారు. దొరసాని ఇచ్చిన కాఫీ తాగడం అయిపోయినా కదలడం లేదు.

"బొట్టు పెట్టకుండ ఇల్లెట్ల దాటుతం సార్?" అంది రాజన్న భార్య.

"ఇది బండి కదమ్మా!"

"పొయ్యి ఉన్నంక ఇల్లు కాదా?"

దొరసానేమో, వచ్చినవాళ్ళను పొమ్మనడం మర్యాద కాదని మళ్ళీ కాఫీ పెడుతోంది. రాజన్న జాకీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పొద్దుండగానే అడవి దారి దాటాలని నాకు కంగారు. చివరికి దొరసానికి బొట్టు సంగతి చెప్పాను. గబగబా సంచి వెతికి, ఎర్రటి లిప్‌స్టిక్ తీసి ముగ్గురి నుదుటా గుండ్రంగా దిద్దింది. వాళ్ళు తృప్తిగా దిగారు. అప్పుడు లేచింది బండి.

బయల్దేరుతుంటే రాజన్న భార్య కిటికీ దగ్గరకొచ్చింది.

"మల్లొస్తే మా ఇంటికి రమ్మని చెప్పు సార్. మాది ఎటూ పోదు, గీడనే ఉంటది."