చిల్లుల పెంకు, నా పాండిత్యం

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. చరిత్రలో ఎమ్మే పూర్తయి మూడు నెలలైంది మరి! చల్లపల్లి దగ్గర పొలాల మధ్య ఒక పాతకాలపు దిబ్బను తవ్వుతుంటే, దొరికిన పెంకుల్ని కడిగి, నంబరు వేసి, చీటీ రాసే తాత్కాలిక ఉద్యోగం దొరికింది. రోజూ బెజవాడలో తొలి బస్సెక్కి వెళ్ళేదాన్ని. మధ్యయుగం నాటి ఊరన్నారు కదా, కిరీటాలైనా బయటపడతాయనుకున్నాను. బయటపడినవన్నీ కుండ పెంకులు. (ఇంట్లో ఏనాడూ గిన్నె తోమని నేను అక్కడ బ్రష్షు పుచ్చుకుని తోముతుంటే మా అమ్మ చూడలేదు, అదృష్టం.)

ఒకనాడు అరచేయంత పెంకు ఒకటి వచ్చింది, నిండా చిల్లులతో. ఇంకేముంది, ధూపపాత్ర మూత! చీటీ మీద "పూజా సామగ్రి" అని రాసి పారేశాను. మర్నాడు ఈ తవ్వకాలు నడిపించే పెద్ద సారు వస్తున్నారు. ఆయన ఒప్పుకుంటే నివేదికలో నా పేరుతో ఒక పేరా పడుతుంది. అచ్చులో పేరు చూసుకోవాలని నాకు ఎంత యావో చెప్పలేను. ఇంతలో మట్టి గంపలు మోసే ఆడవాళ్ళలో పెద్దావిడ, అందరూ దొడ్డమ్మ అని పిలిచే మనిషి, నా భుజం మీదుగా తొంగి చూసింది.

"సిబ్బి గదండీ ఇది? అన్నం వార్చేది."

"ఇది వందల ఏళ్ళ నాటిది దొడ్డమ్మా. మీ వంటింటి సామాను కాదు."

"అయితే అప్పుడు అన్నం తినలేదేంటండీ వాళ్ళు?"

నేను చీటీ మీద "పూజా సామగ్రి" కింద ఇంకో గీత గీశాను. మర్నాడు సారు ముందు ధూపం గురించి, భక్తి గురించి ధారాళంగా ఉపన్యాసం ఇస్తుంటే దొడ్డమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. సారు "ఏంటమ్మా?" అన్నారు.

"సాంబ్రాణి మూతైతే లోపల పొగచూరాలి గదండీ. ఇదేమో కడిగిన పళ్ళెంలా ఉంది."

"ఇన్నేళ్ళు మట్టిలో ఉంటే మసి పోదా?" అని ఎగిరాను.

"మరి పక్కనే దొరికిన కుండ పెంకుకి పోలేదేమండీ?"

సారు ఆ రెండు పెంకుల్నీ తిప్పి తిప్పి చూసి, "నువ్వెప్పుడైనా గంజి వార్చావా అమ్మాయ్?" అన్నారు.

"మాది కుక్కరండీ."

గోతిలో ఉన్నవాళ్ళు కూడా పారలు వదిలేసి నవ్వారు. అంతటితో పోయేదే. కానీ సారు, కూలి మనిషి మాట నివేదికకెక్కించడం ఎందుకనుకున్నారో ఏమో, "చిల్లుల పాత్ర, ఉపయోగం తెలియదు అని రాసెయ్" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పెంకు చేతిలో ఉండగానే, ఎవరో ఒకావిడ మసిగుడ్డతో కుండ పట్టుకుని, ఆవిరికి మొహం పక్కకి తిప్పుకుని, పొయ్యి దగ్గర గంజి వంపుతున్నట్టే కనిపించింది. తెలియకపోవడమేమిటి?

"తెలిసిన మనిషి ఎదురుగా నిలబడి ఉంటే తెలియదని ఎలా రాస్తాం సార్? మసి మాట మీకు తట్టిందా, నాకు తట్టిందా?" అని మొదలుపెట్టి, ఆయన కారెక్కేదాకా వెంటపడి వాదించాను. చివరికి, "సరే తల్లీ, సిబ్బి అనే రాయి. ఎవరు చెప్పారో కూడా రాయి" అని అద్దం పైకెత్తేసుకున్నారు. అప్పుడు కానీ దొడ్డమ్మ అసలు పేరేమిటని అడగాలని నాకు తోచలేదు.

నివేదిక అచ్చయి వచ్చింది. ఆ పేరాలో ఆవిడ పేరుంది, నాది లేదు. ఇప్పటి నేనైతే రెండు పేర్లూ పడేదాకా సారు కారును కదలనిచ్చేదాన్నా? అప్పటి ఆ పిల్లకి అంత తెలివెక్కడిది, పాపం! పుస్తకం పట్టుకుని దొడ్డమ్మ ఇంటికి పరిగెత్తి, ఆవిడ పేరు ఆవిడకే నాలుగుసార్లు చదివి వినిపించి మురిసిపోయింది.