సీతమ్మధార నుంచి గాజువాక దాకా, స్లో స్పీడులో నిలవని కారుతో

పాత డీజిల్ కారు కొని విశాఖ చుట్టుపక్కల తిరగాలని ఉంది, ఏం చూసుకోవాలో చెప్పండని ఈమధ్య కొందరు కుర్రాళ్ళు అడుగుతున్నారు. నేను మెకానిక్‌ని కాను. ఎనభైల మొదట్లో మా బావతో కలిసి ఒక్క రోజు అలాంటి కారులో ఈ ఊరంతా చుట్టాను, అంతే. ఆ రోజు మాకు ఒక్క మంచీ జరగలేదు. అయినా ఆ దారీ, ఆ కారు జబ్బూ మీకు పనికొస్తాయేమోనని రాస్తున్నాను.

బావంటే మా అక్క భర్త. జూట్ మిల్లులో ఉద్యోగం మానేసి, చేతికొచ్చినదంతా పెట్టి పాత డీజిల్ అంబాసిడర్ కొన్నాడు. స్టీల్ ప్లాంటు కడుతున్న రోజులవి. గాజువాక అవతల కంట్రాక్టర్ల ఆఫీసులు కార్లను ఏడాదికి అద్దెకు తీసుకునేవి. బావ ఆశంతా దాని మీదే. కానీ ఆ కారుకు ఒక మాయరోగం ఉండేది. ఇంటి దగ్గర బుద్ధిగా తిరిగే ఇంజను, కొన్ని మైళ్ళు పోయి ఆగేసరికి స్లో స్పీడులో, అంటే రేసు ఇవ్వకుండా వదిలేస్తే, నిలిచేది కాదు. దడదడలాడుతూ లేచేది, నీరసించేది, మళ్ళీ లేచేది, ఆఖరికి చచ్చూరుకునేది. మెకానిక్కులు డీజిల్ చిమ్మే నోజిళ్ళు మార్చారు, డీజిల్ పంపు విప్పి బిగించారు. షెడ్డులో ఉన్నంతసేపూ బాగుండేది, దారిలో మళ్ళీ మామూలే. విసిగిపోయిన బావ, శుక్రవారం చూపించబోయే ఆఫీసులో పని దొరక్కపోతే శనివారమే కారు అమ్మేస్తానని నర్సీపట్నం ఆసామి ఒకాయనకు మాటిచ్చేశాడు. తోడుగా ఉంటానని నేను విజయనగరం నుంచి ముందు రోజే వచ్చాను.

శుక్రవారం పొద్దున సీతమ్మధారలో వాళ్ళ అద్దింటి ముందు అక్క కారుకు పూజ చేసింది. ప్రతి శుక్రవారం చేసేదే. కారు మొరాయించడం మొదలెట్టినప్పటి నుంచి మరీ శ్రద్ధగా చేస్తోంది. చక్రాలకు కుంకం బొట్లు, అద్దానికి గంధం, వెనక పక్కనున్న డీజిల్ ట్యాంకు మూతకు మాత్రం ముద్దగా కలిపిన పసుపు నిండా మెత్తింది.

"దానికేటక్కా అంత పసుపు?" అన్నాను.

"బండికి నోరదే కదరా తమ్ముడూ. తిండి తినే కాడే దిష్టి తగుల్తాది," అంది.

బావ నిమ్మకాయలు తొక్కించి బండి కదిలించాడు. పూర్ణా మార్కెట్ వెనక వీధిలో కొత్త ఫిల్టరు కొన్నాం. అక్కడికి చేరేసరికే కారు ఒకసారి నీరసించింది. బావ మొహం నల్లబడింది. అటునుంచి ఫిషింగ్ హార్బరుకు పోనిచ్చాడు. బోట్ల డీజిల్ ఇంజన్లు బాగుచేసే అప్పన్న ఆయనకు తెలుసు. హార్బరులో అప్పుడే బోట్లు వచ్చి వేలం పాటలు జరుగుతున్నాయి, ఇంజన్ల రొదలో మాట వినపడటమే కష్టంగా ఉంది. అప్పన్న ఫిల్టరు మార్చి, గొట్టాల్లో చేరిన గాలి తీశాడు. డీజిల్‌లో నీళ్ళున్నాయేమో చూడాలని ట్యాంకు దగ్గరికెళ్ళి ఆగిపోయాడు.

"పూజ సేసినారు కదా, సెరిపీకూడదు," అని చేతులు కడుక్కొచ్చి, పసుపు చెదరకుండా మూత అంచు పట్టుకుని తిప్పాడు. పుల్ల ముంచి చూసి, అంతే భద్రంగా బిగించి, వేళ్ళు కళ్ళకద్దుకున్నాడు. "డీజిలు సుబ్బరంగానే ఉంది. ఇంక భయం నేదు, ఎల్రండి."

నిజంగానే ఇంజను గడియారంలా తిరిగింది. బావ ఆ వారంలో మొదటిసారి నవ్వాడు. కాన్వెంటు జంక్షన్ దాటి మల్కాపురం, శ్రీహరిపురం మీదుగా వెళ్ళాం. దారి పొడవునా లారీలు, ఎర్రటి ఇనుప ఖనిజం దుమ్ము. ఇప్పుడు వెళ్ళేవాళ్ళు కూడా ఈ దారిన పోతే పొద్దున షిఫ్టు మారే వేళ తప్పించుకోండి, లేకపోతే అప్పటి సైకిళ్ళకు బదులు మోటారు సైకిళ్ళ మధ్య ఇరుక్కుంటారు. గాజువాకలో టీ తాగుదామంటే బావ ఒప్పుకోలేదు. బండి ఆపితే దానికి ఏం బుద్ధి పుడుతుందోనని ఆయన భయం.

ఆఫీసు గేటు దగ్గర ఆపక తప్పలేదు. సూపర్‌వైజరు వచ్చి, ఇంజను ఆపొద్దు, అలాగే ఉంచండన్నాడు. ఆయన టైర్లు చూస్తుండగానే మొదలైంది. దడదడ, నీరసం, దడదడ. బావ కాలితో రేసు ఇస్తూ కాపాడుకొస్తున్నాడు. "కాలు తీయండి," అన్నాడాయన. బావ తీశాడు. కారు ఆగిపోయింది. ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

"రేపు తెత్తాను బాబూ, బాగుసేయించి తెత్తాను," అన్నాడు బావ.

"వెనకాల ఇంకో బండి ఉందయ్యా," అన్నాడు సూపర్‌వైజరు. కసిరి కూడా అనలేదు. కసిరి ఉంటే కోపమైనా మిగిలేది మాకు.

తిరుగుదారి ఎన్.ఏ.డి. జంక్షన్ మీదుగా పట్టాం. ఎన్.ఏ.డి. దగ్గర మళ్ళీ అదే గొడవ. బావ పక్కకు తీసి, నన్ను యాక్సిలరేటరు మీద కాలుంచమని దిగాడు. ఇల్లు చేరేంత డీజిల్ ఉందో లేదో చూద్దామని వెళ్ళి, పసుపూ గిసుపూ చూడకుండా కసిగా మూత తిప్పాడు. హుస్సుమని గాలి లోపలికి పీల్చుకుంది. ఇద్దరం విన్నాం. కాసేపటికి ఇంజను సర్దుకుంది. నేను కాలు తీశాను, అయినా తిరుగుతూనే ఉంది.

బావ మూత బిగించాడు. కంచరపాలెం దాటాక మళ్ళీ పాట మొదలు. మళ్ళీ మూత తీశాడు, మళ్ళీ హుస్సుమంది, మళ్ళీ సర్దుకుంది. అప్పుడు మూతను అరచేతిలో పెట్టుకుని చూశాం. డీజిల్ ఖర్చయ్యే కొద్దీ ట్యాంకులోకి గాలి పోవాలి, అందుకు మూతలో గుండుసూది పట్టేంత కన్నం ఉంటుంది. బావ చొక్కాకున్న పిన్నీసు తీసి పొడిస్తే ఎన్నో శుక్రవారాల పసుపు గట్టిపడి పెచ్చులు పెచ్చులుగా ఊడింది. గాలందక ట్యాంకే డీజిల్‌ను బిగబట్టుకుంటోంది. బండి మొరాయించిన కొద్దీ అక్క పసుపు పెంచింది. పసుపు పెరిగిన కొద్దీ బండి మొరాయించింది. షెడ్డుల్లోనూ, పొద్దున అప్పన్న దగ్గరా మూత తీసినప్పుడల్లా బాగవడం కళ్ళ ముందే జరిగింది. కూర్చుని ఏడవాలనిపించింది.

"ఎనక్కి ఎల్దాం బావా, ఇప్పుడు సూపిద్దాం," అన్నాను.

"ఆ ఎనకాల బండిని తీసేసుకునుంటారు," అన్నాడు. మూత బిగిస్తూ, "మీ అక్కకి సెప్పకు. తెలిస్తే బతకనేదు," అన్నాడు.

శనివారం నర్సీపట్నం ఆసామి వచ్చాడు. మాట ఇచ్చింది ఇచ్చిందే. అక్క ఏడుస్తూనే కారుకు ఆఖరి పూజ చేసింది, మూతకు నిండుగా పసుపు మెత్తింది. బావ ఆపలేదు. వీధి చివరిదాకా దిగబెట్టి వస్తానని కారెక్కాడు. అక్కడ దిగి, పిన్నీసుతో కన్నం శుభ్రం చేసి, ఆసామికి చూపించి, నడిచి ఇంటికొచ్చాడు. సోమవారం మళ్ళీ మిల్లు గేటు దగ్గర నిలబడ్డాడు, ఈసారి రోజుకూలీగా.

బావ పోయి చాలా ఏళ్ళయింది. ఏ రోడ్డు మీద పాత డీజిల్ ఇంజను ఎగుడుదిగుడుగా కొట్టుకుంటున్నా నా కళ్ళు ముందు దాని ట్యాంకు మూత వైపే పోతాయి. మీ కారుకు ఈ జబ్బు వస్తే పంపు జోలికి పోకముందు ట్యాంకు మూత వదులు చేసి కొంతదూరం నడిపి చూడండి. రోగం పోతే మూత కన్నమే కారణం. పూజ చేసుకుంటే పసుపు బానెట్ మీద పెట్టుకోండి. మొన్న అక్కను చూడటానికి వెళ్తే, "ఆ కారుకి ఎన్ని పూజలు సేసాన్రా, అయినా నిలబడనేదు. నా పూజలోనే ఏదో తక్కువయినట్టుంది," అంది. నేను తల వంచుకుని టీ తాగాను.